నెట్ లేకపోయినా పలికేది

పేరు అడుగుతోంది. ఏ యాప్ తెరిచినా మొదట అడిగేది అదే. మీ చిన్నారి పేరేమిటి, వయసెంత. కింద రంగురంగుల బుడగలు, ఒక్కో బుడగలో ఒక్కో అంకె, తాకితే పగిలి చప్పట్లు వినిపిస్తాయి. లీదియా ఆరు మీద వేలు పెట్టింది. పేరు దగ్గర శివపార్వతి అని కొట్టింది. శివపార్వతి ఆమె బడిలో ఒకటో తరగతి పిల్ల. మీరు పాపకు ఏమవుతారు అని ఇంకో ప్రశ్న వచ్చింది. తల్లి, తండ్రి, టీచర్, మూడు బొమ్మలు వరసగా నిలబడి చేతులూపుతున్నాయి. ఆమె టీచర్‌ని నొక్కింది. తక్కిన రెండు బొమ్మలూ తలలు దించుకుని తెర పక్కకు నడిచి వెళ్లిపోయాయి. ఎంచుకోని బొమ్మ తల దించుకుని పోవాలని ఎవరికో తోచి ఉంటుంది, ఏ ఊళ్లోనో ఏసీ గదిలో కూర్చుని ఆ నడకను గీసి ఉంటారు, వాళ్లకు పిల్లలు ఉన్నారో లేదో. బస్సు మార్కాపురం దాటి కంది కోసిన చేల మధ్యకు వచ్చింది. ఎర్రగొండపాలెం దాకా సిగ్నల్ ఉంటుంది. ఆ తర్వాత ఒక గీత, కాసేపటికి అదీ ఉండదు. పుల్లలచెరువు అవతల అడవి అంచున ఉన్న ఆమె బడి దగ్గరైతే ఫోను టైము చూసుకోవడానికే. వెతికేదేదో ఈ దారిలోనే వెతకాలి.

నిన్న సాయంత్రం బడి వదిలాక కాటమరాజు వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. శివపార్వతి తండ్రి. చెప్పులు విడుస్తాడు గానీ లోపలికి మాత్రం రాడు. "రేపు పొద్దున కదుల్తుండాం టీచరమ్మా, కృష్ణా పక్కకు. వరి కోసినారంట. పాపను గూడా తీసకపోతుండా" అన్నాడు. వదిలి వెళ్లకూడదా అని ఆమె అడగలేదు. ఎవరి దగ్గర వదులుతాడు? తల్లీ నాయనమ్మా కూడా మంద వెంటే పోతారు. మాఘం వచ్చిందంటే ఇక్కడ గొర్రెకు పరక మిగలదు. అక్కడ కోసిన మళ్లలో మేపుకుంటూ, ఎరువు కోసం రాత్రికో రైతు పొలంలో మంద కడుతూ, తొలకరికి తిరిగొస్తారు. పోయిన తొలకరికి తిరిగొచ్చిన ఇంకో గొర్రెలాయన చిన్నయ్య కూతురు గుర్తుకొచ్చింది. వెళ్లేటప్పుడు తన పేరు తాను రాసుకునే పిల్ల. వచ్చాక బడి ముందు నుంచి పోవాలంటే గోడకు అవతలి వైపు నడిచేది. పట్టుకుని అడిగితే "అన్నీ మర్చిపోయినా టీచర్" అని ఏడుపు. మళ్లీ మొదలుపెడదామంటే చిన్నపిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గు. ఇప్పుడు మేకల వెంట పోతోంది. శివపార్వతికి అచ్చులు వచ్చు, హల్లులు సగం వచ్చు, సగం వచ్చిన చదువు ఎంత తొందరగా జారిపోతుందో పదిహేనేళ్లుగా చూస్తూనే ఉంది. అందుకే "నీ ఫోను ఇచ్చిపో కాటమరాజూ, చదువు ఎక్కించి రేపు పొద్దున నువ్వు కదిలేలోపు తెచ్చిస్తా. నెట్ లేకపోయినా పలికేది" అంది. "పలుకుద్దా?" అన్నాడు, నమ్మినట్టూ నమ్మనట్టూ. "పలుకుతుంది." అంత ధీమాగా ఎందుకు అన్నదో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంది. అలాంటిది ఒకటి ఉందని తెలుసు కాబట్టి అన్నది. ఎక్కడుందో కూడా తెలుసు. అదే కాకుండా ఇంకేదైనా దొరుకుతుందిలే అనుకుని అన్నది.

అందుకే ఈ వెతుకులాట. కాటమరాజు ఫోను మూల పగిలి, గొర్రె ఉన్ని వాసన వేస్తోంది. తన ఫోను నుంచి దానికి నెట్ ఇచ్చి ఒక్కొక్కటే దింపుతోంది, చూస్తోంది, తీసేస్తోంది. ఒకదానిలో తెలుగు అని పైన రాసి లోపలంతా ఇంగ్లీషు పాటలు, మంచు మీద జారే పిల్లలు. ఒకదానిలో అక్షరాలు బాగున్నాయి, చెప్పే గొంతు మాత్రం రైలు ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే గొంతు. ఇంకొకటి నచ్చింది, నిజంగా నచ్చింది, ఆవు బొమ్మ, ఇల్లు బొమ్మ, నింపాదిగా చెప్పే ఆడగొంతు. అ, ఆ, ఇ దాటి ఈ దాకా వచ్చేసరికి తెర నిండా పేకాట ప్రకటన, మూసే గుర్తు ఎంత చిన్నదంటే ఆమె వేలే రెండుసార్లు తప్పింది. ఆరేళ్ల వేలు దాన్ని ఎక్కడ పట్టుకుంటుంది. ఇంకొకటి అంతా దిగాక, నెట్ ఆపి చూస్తే, దయచేసి ఇంటర్నెట్‌కు కనెక్ట్ అవ్వండి అని ఒక ఎలుగుబంటి కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. ఆ ఎలుగుబంటిని చూసి నవ్వొచ్చింది లీదియాకు, అంత పెద్ద జంతువు ఏడుస్తుంటే. హన్నా అయితే ఊరుకునేది కాదు, ఎందుకేడుస్తుంది, ఎవరు కొట్టినారు, దాని వాళ్లమ్మ ఏది, అడిగి అడిగి ప్రాణం తీసేది.

హన్నా. ఆ పేరు మనసులో పలికినప్పుడు ఇప్పటికీ ఒంట్లో ఏదో ఒక అడుగు తప్పుతుంది, చీకట్లో లేని మెట్టు మీద కాలు వేసినట్టు. పోయిన వానాకాలంలో జ్వరం. మార్కాపురంలో చూపించారు, ఒంగోలు తీసుకెళ్లారు, వారం తిరక్కుండా ఇంటికి ఇద్దరే వచ్చారు. అయిదు నిండలేదు. ఆ తర్వాత భర్త ఇశ్రాయేలు మాటలు తగ్గించాడు. కరెంటు లైన్‌మన్ ఆయన, పగలంతా స్తంభాల మీద, సాయంత్రం వరండాలో. ఇద్దరూ మర్యాదగా ఉంటారు. చారు పోయనా, చాలు, గేటు వేశావా, వేశా. హన్నా గౌనులు ఆయన అక్క వచ్చి చర్చికి పట్టుకుపోయింది, లీదియా అడ్డు చెప్పలేదు. బీరువా పై అరలో ఉన్న ట్యాబ్‌ను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, తానూ ముట్టుకోలేదు, నెలకొకసారి ఛార్జింగ్ పెట్టి మళ్లీ అక్కడే పెట్టేది. నిన్న అన్నం తినేటప్పుడు కాటమరాజు సంగతి చెప్పింది, ఊరికే, ఏదో ఒకటి మాట్లాడాలని. ఆయన విన్నాడు, చేయి కడుక్కున్నాడు. ఈ పొద్దున చూస్తే టిఫిన్ డబ్బా పక్కన ట్యాబ్, గుడ్డతో తుడిచి, వైరు చుట్టి. ఆయన అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు. కోపం వచ్చింది. ఎంత తేలిగ్గా తీసి పెట్టాడు అనుకుంది. తేలిగ్గానే పెట్టాడని తనకెవరు చెప్పారు? అద్దం మీద ఎప్పుడూ ఉండే చిన్న వేలిముద్రల మసక ఇవాళ లేదు. తుడవడానికి ఆయనకు ఎంతసేపు పట్టి ఉంటుందో. తీసి బీరువాలో పెట్టేద్దామని అటు రెండడుగులు వేసి, బస్సు పోతుందని సంచిలో పడేసుకుని వచ్చింది. ఒళ్లో సంచి, సంచిలో అది. అంత బరువేమీ ఉండదు.

ఆ ట్యాబ్‌లో ఉన్న యాప్ ఇప్పుడు దొరకదు. ఈ పొద్దున బస్టాండులో మొదట వెతికింది దాన్నే. ఇది ఇక అందుబాటులో లేదు అని వచ్చింది, కంపెనీ వాళ్లు మూసేసుకున్నారట. కానీ దించుకున్న పాఠాలన్నీ ట్యాబ్‌లో ఉన్నాయి, నెట్ అడగవు, ప్రకటనలు రావు. అందులో ఒక ఉడుత. అక్షరం చూపిస్తుంది, పలుకుతుంది, ఇప్పుడు నువ్వు చెప్పు అంటుంది. పిల్ల చెబితే ఆ గొంతును దాచుకుంటుంది. అంతే, ఆ తర్వాత ఎప్పుడు ఆ అక్షరం తాకినా ఉడుత గొంతు రాదు, పిల్ల గొంతే వస్తుంది. తన గొంతు తాను వినడానికి హన్నా మళ్లీ మళ్లీ తాకేది. ఒక్కో అక్షరానికి ఒక్క గొంతే. కొత్తగా చెబితే పాతది పోయి కొత్తది చేరుతుంది. అ అంటూ గాలి పీల్చుకుని గట్టిగా. ఇ దగ్గర నవ్వు, ఎందుకు నవ్విందో గుర్తు లేదు. ఉ వెనక కుక్కర్ కూత. ఋ దగ్గర "ఇది నాకు రాదు పో" అంది, ఉడుత దాన్నే దాచుకుంది, ఋ తాకినప్పుడల్లా ఇది నాకు రాదు పో. ఐ తర్వాత దూరంగా ఇశ్రాయేలు, అన్నం తిందువు రా నాయనా అని. క, ఖ, గ, ఘ, ఙ. అక్కడికి ఆదివారం అయిపోయింది, సోమవారం జ్వరం. చ నుంచి అన్నీ ఉడుతవే.

"ఏంది మేడమ్, పొద్దున్నే పిల్లకాయల ఆటలు ఆడుతుండావు?" పక్క సీటులో ఒక పెద్దావిడ, నల్ల బురఖా, ఒళ్లో మూట, మూటలో ఏవో గాజు సామాన్లు గలగలమంటున్నాయి. ఇందాక ఫోనులో ఎవరికో ఉర్దూలో ఖాజాబీనే మాట్లాడుతున్నా, బస్సెక్కినా అని అరిచి చెప్పింది. "ఆటలు కాదమ్మా, చదువు. మా బడిపిల్ల కోసం" అంది లీదియా. "అయితే మా మనవడు రియాజ్‌గానికి చూపియ్యాకు తల్లీ. ఫోను పెట్టందే వానికి ముద్ద దిగదు. బొమ్మ నోరు తెరిస్తే వీడు నోరు తెరుస్తాడు. మొన్న ఛార్జింగ్ అయిపోయి బొమ్మ ఆగిపోతే, వీడు గూడా నోరట్లే పెట్టుకోని కూచున్నాడు. ఈగ దూరింది." లీదియాకు నవ్వు ఆగలేదు. చాలా రోజులకు గొంతులోంచి చప్పుడుగా వచ్చిన నవ్వు. ఆ నవ్వు మీదే అడిగేసింది ఆవిడ, "నీకెంతమంది?" ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా ఎన్ని రకాల సమాధానాలు చెప్పింది. లేరు అంటే అబద్ధం. ఒకరు అంటే ఏం చదువుతుంది అని వస్తుంది. తల ఊపి ఊరుకుంటే గర్వం అనుకుంటారు. మొన్న మీటింగులో కొత్త టీచరుకు ఒక పాప అని చెప్పి, ఏ బడి అంటే ఇంట్లోనే అని, మధ్యాహ్నం భోజనం చేయలేకపోయింది. "ఒక్కతే. పోయింది" అంది లీదియా. అంత చిన్న మాటలు అవి.

ఖాజాబీ అయ్యో అనలేదు. లేచి, లీదియా మీదుగా చేయి చాపి, కిటికీ రేకు కిందికి లాగింది. ఎండ తెర మీద పడుతోంది. కూర్చుని మూట సర్దుకుంది. "నాకూ ఒకడు పోయినాడు. రియాజ్ వాని పేరే. కూతురు కొడుకుని కంటే ఆ పేరే పెట్టాలని నేనే పట్టు పట్టినా. పెట్టినాక ఏడ్సినా. పిలిచేదాన్ని కాదు, ఒరే అనేదాన్ని, ఇట్ల రారా అనేదాన్ని. వాడు గోడెక్కినాడు ఒకనాడు, పడతాడని భయమేసి రియాజ్ అని అరిసినా." మూట ముడి బిగించింది. "ఇప్పుడు పేరు వీనిదే అయిపోయింది. పిలిస్తే పలకడు గాడిద, అది వేరే సంగతి." ఎర్రగొండపాలెంలో దిగేటప్పుడు మూట తలకెత్తుకుని, కండక్టరుతో జాగ్రత్త పగిలేవి అని తగువు పెట్టుకుంటూ, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఆవిడ చెప్పింది ఓదార్పా, బెదిరింపా అని లీదియా చాలాసేపు ఆలోచించింది. ఇప్పుడు పేరు వీనిదే అయిపోయింది. మరి వాడిది ఏమైంది, ఆ మొదటివాడిది?

సిగ్నల్ ఒక గీతకు వచ్చింది. ఆఖరున దిగుతున్న యాప్ సగంలో ఆగి గిరగిరా తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. గీత పోయింది. కాటమరాజు ఫోనులో ఏమీ మిగలలేదు, ఎలుగుబంటి కూడా లేదు. ఇక పలికేది ఒక్కటే. లీదియా సంచిలోంచి ట్యాబ్ తీసి ఒళ్లో పెట్టుకుంది. తెర వెలిగింది, స్వాగతం హన్నా, ఉడుత తోక ఊపింది. పేరు మార్చాలంటే ఆ కంపెనీ నెట్ కావాలి, ఆ కంపెనీ లేదు, కాబట్టి ఎవరు తెరిచినా హన్నానే. ఒక ఉపాయం ఉంది, ఇన్నాళ్లూ ఉంది. తన ఫోనులో ఈ గొంతులన్నీ రికార్డు చేసుకుంటే సరిపోతుంది. ఒంటరిగా, ఇంట్లో, తలుపు వేసుకుని, ఏ రోజైనా చేసుకోవచ్చు. చేసుకోలేదు. చేసుకుంటే అది ఇక్కడ పోవడానికి ఒప్పుకున్నట్టే కదా అని. ఇప్పుడు మాత్రం తన ఫోను రికార్డు నొక్కి, ట్యాబ్‌కు ఆనించి, అ మీద వేలు పెట్టింది. అ. డ్రైవరు అప్పుడే గేరు మార్చాడు. ఆపి విన్నది. ఇంజను గుర్రుమంటోంది, రేకులు కొట్టుకుంటున్నాయి, ఎవరో తుమ్మారు, వాటి అడుగున ఎక్కడో ఒక చిన్న గీత లాంటి చప్పుడు, తల్లి కాబట్టి పోల్చుకోగలిగింది గానీ అది ఎవరి గొంతయినా కావచ్చు. ఇంకోసారి ప్రయత్నించలేదు. రెండూ మూసి చేతులు వాటి మీద పెట్టుకుంది. రాళ్ల నేల, తుమ్మ చెట్లు, మళ్లీ రాళ్ల నేల. చ నుంచి మొదలుపెట్టించవచ్చు. అచ్చులు వచ్చిన పిల్లే కదా, క వరసా వచ్చు, హన్నా ఆగిన చోటు నుంచి ఈ పిల్ల సాగితే సరి, వెనక్కి చూడాల్సిన అవసరం ఏముంది. తొలకరికి ట్యాబ్ తిరిగొస్తుంది, ఙ దాకా ఒక గొంతు, ఆపైన ఇంకో గొంతు. ఈ లెక్క బాగుంది అనుకుంది. బాగున్నందుకే కొంచెం భయం వేసింది.

బస్సు దిగేసరికి మంద రోడ్డు మీదే ఉంది. ట్రాలీ ఆటోలో వంట సామాను, మంద చుట్టూ కట్టే వలలు, నడవలేని గొర్రెపిల్లలు. శివపార్వతి వాటి మధ్య కూర్చుని ఒకదాని చెవి పట్టుకుని ఉంది. కాటమరాజు కర్ర భుజాన వేసుకుని ఎదురొచ్చాడు. "ఫోనులో పట్టలేదు. ఇది తీసుకెళ్లు. రైతుల మోటారు షెడ్ల దగ్గర ఛార్జింగ్ పెట్టుకో, వానలో తడపొద్దు" అంటూ అతని ఫోనుతో పాటు ట్యాబ్ చేతికిచ్చింది. చెప్పకుండా ఉండవచ్చు. చెప్పాల్సిందెవరూ లేరు. "మా పాపది" అంది. ఊళ్లో అందరికీ తెలుసు. కాటమరాజు ట్యాబ్‌ను అరచేతుల మీద అట్లే పట్టుకుని తన తల్లి గురవమ్మ వైపు చూశాడు. పోయిన బిడ్డ వస్తువు బతికి ఉన్న బిడ్డ చేతికి ఇవ్వరు వాళ్లు, గౌను అయితే కాల్చేస్తారు. గురవమ్మ ఆటో పక్క నుంచి నడిచి వచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కొంగు ముడి విప్పి పసుపు తీసింది. "దీనికి ఇంత రాస్తే చెడిపోద్దా టీచరమ్మా?" లీదియా దాన్ని వెనక్కి తిప్పి, "వెనక రాయండి. ఆ చిన్న రంధ్రాల కాడ వద్దు, అక్కడి నుంచే మాట్లాడేది" అంది. గురవమ్మ వెనక మూడు వేళ్లు అద్దింది. అది చాలక, లీదియా చెంపలు కూడా పసుపు చేత్తోనే తాకి మెటికలు విరిచింది. "మీరు దేవుని బిడ్డలు, మీకు ఇయన్నీ లేవని తెలుసు. నా తృప్తి" అని, "మేయ్, దిగు, టీచరమ్మ పిలుస్తాంది" అని మనవరాలిని కేకేసింది.

శివపార్వతి దిగింది. లీదియా మోకాళ్ల మీద కూర్చుని చ పాఠం తెరిచి పెట్టింది. "ఇక్కడి నుంచి చెప్పుకుంటూ పో. రోజుకొకటి." పిల్ల తల ఊపింది, వేలు పెట్టి తెరను వెనక్కి జరిపింది, ఇంకా వెనక్కి, మొదటికి. అ దగ్గర ఆపి చేతులు కట్టుకుంది. లీదియా బడిలో ఎవరు పుస్తకం తెరిచినా, ఎంత ముందుకు పోయినవాళ్లయినా, రోజూ అ నుంచి ఒకసారి చెప్పుకుని గానీ కొత్త పాఠంలోకి పోకూడదు. పెట్టింది లీదియానే ఆ పద్ధతి. ఇప్పుడు నువ్వు చెప్పు, అంది ఉడుత. కొత్త వస్తువు ముందు, నాయన ముందు, ఇంతమంది ముందు పిల్లకు గొంతు పెగల్లేదు. పెదవులు మాత్రం కదిలాయి. ఉడుత కాసేపు చెవి రిక్కించి, ఏమీ అందక, దాచుకున్నదాన్నే వినిపించింది. అ. రోడ్డు మీద, ఎండలో, గాలి పీల్చుకుని గట్టిగా, ఏ ఇంజను చప్పుడూ లేకుండా. కాటమరాజు తల వంచుకున్నాడు. గురవమ్మ పసుపు వేళ్లు నోటికి అడ్డం పెట్టుకుంది. శివపార్వతి మాత్రం ట్యాబ్ వెనక్కి తొంగి చూసి, "ఎవురు టీచర్?" అంది.

గట్టిగా చెప్పమనకపోతే ఏం జరుగుతుందో లీదియాకు పూర్తిగా తెలుసు. ఈ పిల్ల గొంతు చిన్నది. బడిలో కూడా వెనక వరసకు వినపడదు. ఇట్లాగే సణుగుతుంది రోజూ, ఉడుత ఇట్లాగే హన్నాను వినిపిస్తుంది, తొలకరికి అన్నీ ఉన్నవి ఉన్నట్టే తిరిగొస్తాయి. పిల్లకు వచ్చిన అ కూడా జారిపోతుంది, అంతే. వింటే రాదు చదువు, నోరు తెరిచి చెబితేనే వస్తుంది. మంద ముందు నుంచి ఎవరో కాటమరాజును పిలుస్తున్నారు, గొర్రెలు కదులుతున్నాయి, దుమ్ము లేస్తోంది. పిల్ల కళ్లెత్తి టీచరునే చూస్తోంది, తప్పు చేశానేమో అని. లీదియా ఆ గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి తల పైకి లేపింది.

"మా పాప. బాగా చెబుతుంది కదా? నువ్వు అంతకంటే గట్టిగా చెప్పాలి. నోరు పూర్తిగా తెరువు. ఊఁ."

శివపార్వతి నాయనమ్మ వైపు చూసింది, గొర్రెల వైపు చూసింది, ఒంట్లో ఉన్న ఊపిరంతా తెచ్చుకుని అరిచింది. ఆటోలో గొర్రెపిల్ల ఉలిక్కిపడి లేచింది. ఉడుత చప్పట్లు కొట్టింది. కాస్త ఆగి, తెరలోంచి శివపార్వతి గొంతు వచ్చింది, అ అని. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని, ఆ చేతుల వెనక నవ్వుతోంది. లీదియా ఆ నవ్వు అయిపోయేదాకా ఆగింది. తర్వాత తన వేలితోనే తెరను పక్కకు జరిపింది.

"తర్వాతది చెప్పు" అంది.